వదిన క్షమించింది

టైలరమ్మతో మాటల్లో నెగ్గినవాళ్లు ఆ వీధిలో లేరు. జాకెట్టు బిగుతైందని తగవు పెట్టుకోవడానికి వచ్చిన మనిషికి, కుట్టు సరిగానే ఉందనీ, ఒళ్లే మాట వినడం లేదనీ నచ్చజెప్పి, ఇంకో జాకెట్టుకి గుడ్డ కూడా తీసుకుని పంపగల ఘటం. అలాంటిది, ఆ శనివారం పొద్దున మరిది ఎదురుగా నిలబడేసరికి ఆవిడకు నోరు పెగల్లేదు.

మరిదికి మర్నాడు బాప్తిస్మం. తెల్ల అంగీ కొలత సరిచూసుకోవడానికి వచ్చాడు. సంఘంలో ఎవరు నీళ్లలోకి దిగినా ఆ అంగీ టైలరమ్మ చేతి మీదుగా రావలసిందే. మామూలు అంగీ అయితే బాప్తిస్మపు నీళ్ల తొట్టిలో దిగగానే లోపల గాలి చేరి గొడుగులా పైకి లేస్తుంది. దిగినవాళ్ల భక్తి సంగతి దేవుడికెరుక, వాళ్ల తొడలు మాత్రం సంఘమంతటికీ కనిపిస్తాయి. ఒకసారి ఒక భారీ పెద్దమనిషి విషయంలో అలాగే జరిగి, పాస్టరు గారు ప్రార్థన మధ్యలో నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించారు. అప్పటినుంచి ఆవిడ అంగీ అంచు మడతలో వలలకు కట్టే సీసపు గుళ్లు పెట్టి కుడుతోంది.

ఈ మరిదిని వీధిలో అందరూ లోలకం అంటారు. తాగి రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఊగుతూ నడిచే రోజుల్లో పెట్టిన పేరది. తాగుడు మానేసి ఏడాది కావస్తున్నా పేరు మాత్రం వదల్లేదు. టైర్ల షాపులో పంక్చర్లు వేస్తాడు. తల్లి పోయాక ఇంట్లో ఉండలేక ఆ షాపు వెనక గదిలోకి మారిపోయాడు.

"కదలకు" అంది టైలరమ్మ, పిన్నులు నోట్లో పెట్టుకుని.

"కదలకుండా ఎలా వదినా? ఊగడం నా పేరులోనే ఉంది కదా" అన్నాడు. "మా షాపులో ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తాం. రేపు నన్నూ ముంచుతారు. ఎన్ని చోట్ల వస్తాయో ఏమో!"

పిన్నుల సందునుంచే ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అతను అసలు మాటకొచ్చాడు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు ముందుగా తాము బాధపెట్టిన ప్రతివాళ్ల గుమ్మమూ తొక్కి క్షమాపణ అడగాలి. నీళ్లలో దిగాక, మునిగేముందు, అన్నిటికన్నా బరువైన తప్పును అందరి ఎదుటా నోరారా చెప్పుకోవాలి. మనసులో ఎవరి మీదైనా కోపం మిగిలి ఉంటే మాత్రం ఆ రోజుకి మునగకూడదు. అందుకే బాప్తిస్మాల ముందు వారం వీధి వీధంతా సందడి. ఎప్పుడో పట్టుకెళ్లిన నిచ్చెనలూ గొడుగులూ సొంతిళ్లకు చేరతాయి. ఒక మహాతల్లి అయితే పక్కింటావిడ దగ్గరకు వెళ్లి, ఇన్నేళ్లూ నీ వంట బాగుందని అబద్ధం చెప్పాను క్షమించమని అడిగి, ఉన్న స్నేహం కాస్తా పాడుచేసుకుంది.

లోలకం వారమంతా తిరిగాడు. ముందు రోజే అన్న కాళ్లు పట్టుకుని వచ్చాడు. ఇక మిగిలింది వదిన.

"వదినా, అమ్మ విషయంలో నన్ను క్షమించు" అన్నాడు. "ఆ రోజు తలుపు గడియ వెయ్యకుండా పడుకున్నాను. నువ్వు అమ్మని పసిపిల్లని చూసినట్టు చూసుకున్నావు. ఆ కష్టమంతా నేను ఒక్క పూటలో బూడిదపాలు చేశాను."

నోట్లో పిన్నులుండబట్టి ఆవిడకు కాస్త వ్యవధి దొరికింది. ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చింది. పిన్నులన్నీ అయిపోయాయి. అతను ఇంకా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

"క్షమించాన్లే" అంది.

లోలకం మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. తర్వాత అంగీ విప్పి జాగ్రత్తగా మడతపెట్టి ఆవిడ చేతికిచ్చి, "బతికించావు వదినా" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు గడియ వెయ్యనిది టైలరమ్మే.

అత్తగారికి చివరి రోజుల్లో మతి నిలిచేది కాదు. చిన్నప్పటి ఇంటికి వెళ్లిపోతానని ఎప్పుడు పడితే అప్పుడు బయల్దేరేది. అందుకని పెరటి తలుపుకు పైన, ఆవిడ చెయ్యి అందనంత ఎత్తున, ఇంకో గడియ బిగించారు. ఎవరు వచ్చినా వెళ్లినా ఆ పై గడియ వెయ్యాలని ఇంటిల్లిపాదికీ చెప్పింది టైలరమ్మే. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన మొదలైంది. ఆవిడ పెరట్లోకి పరుగెత్తి, తీగ మీది బట్టలన్నీ గుండెలకు హత్తుకుని లోపలికొచ్చి, తలుపును భుజంతో నెట్టింది. చేతులు ఖాళీ లేవు. బట్టలు మంచం మీద పడేసి వచ్చి గడియ వేద్దామనుకుంది. ఇంతలో ముందు గదిలోంచి, అంటే షాపులోంచి, ఎవరో పిలిచారు. కొలతలు తీసుకుంటూ కబుర్లలో పడింది.

లోలకం అప్పటికే తాగొచ్చి, పెరటి తలుపుకు లోపలున్న వసారాలో బెంచీ మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. అత్తగారు ఆ బెంచీ పక్కనుంచే నడిచి, వీధిలోకి వెళ్లి, వానలో కాలువ గట్టు మీద జారిపడింది. తుంటి విరిగింది. ఆస్పత్రి మంచం మీంచి మళ్లీ లేవలేదు.

గడియ వెయ్యనిది ఎవరని భర్త గద్దించినప్పుడు అందరి చూపులూ బెంచీ వైపే తిరిగాయి. లోలకానికి ఆ రోజు ఏదీ గుర్తులేదు. "నేనే అయ్యుంటాను" అన్నాడు. టైలరమ్మ అబద్ధం చెప్పలేదు, ఆ మాటకొస్తే. ఊరుకుంది, అంతే. ఆస్పత్రిలో ఈ గొడవ ఎందుకులే, ఇంటికెళ్లాక చెబుదామనుకుంది. ఇంటికెళ్లాక, సమాధి కార్యక్రమం కానిద్దామనుకుంది. అదీ అయ్యాక ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

ఈలోగా లోలకం సీసా ముట్టడం మానేశాడు. తల్లి సమాధి మీద మట్టి ఆరకముందే మానేశాడు. ఆదివారాలు ప్రార్థనలో వెనక వరసలో తలొంచుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇక చూడండి టైలరమ్మ మనసు ఎంత చక్కగా వాదించిందో! ఆ నింద పడకపోతే వాడు బాగుపడేవాడా? ఈపాటికి ఏ గోతిలోనో పడి పోయేవాడు. నిజం చెబితే వాడి పశ్చాత్తాపం కింద నేల లాగేసినట్టు కాదూ? నేను ఊరుకోవడం వల్ల ఒక ఆత్మ నరకంలోంచి బయటపడుతోంది కదా. తన మాటకారితనమంతా ఆవిడ తన మీదే ప్రయోగించుకుని ఏడాది నెట్టుకొచ్చింది.

ఆ శనివారం పొద్దున మాత్రం ఆ వాదన పనిచెయ్యలేదు. ఇంతకాలం నోరు మూసుకుంది. ఇవాళ నోరు తెరిచింది. తెరిచి, తన పాపాన్ని ఇంకొకడికి క్షమించింది. అతను దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్లాడు. మిషను మీద అంచు కుడుతుంటే ఆవిడకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుంది. ఆవిడ నమ్మకం ఉత్త ఆదివారపు నమ్మకం కాదు. పరలోకం ఉందనీ, అక్కడ అత్తగారు ఉందనీ గట్టిగా నమ్ముతుంది. అక్కడ ఆవిడకు మతి కుదురుగానే ఉంటుంది. ఆ రోజు ఎవరేం చేశారో పూసగుచ్చినట్టు తెలిసే ఉంటుంది. ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను అనుకుంది టైలరమ్మ.

మధ్యాహ్నం అంగీ పట్టుకుని ప్రార్థన మందిరానికి వెళ్లింది. పాస్టరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఖాళీ తొట్టిలో దిగి పాచి రుద్దుతున్నారు.

"అయ్యగారూ, ఒక సందేహం. మా కస్టమరు ఒకావిడ అడగమంది."

"నీ కస్టమర్లకి సందేహాలు ఎక్కువమ్మా. అడుగు."

"ఒకరు చేసిన తప్పుని చెయ్యనివాళ్లు తమదేననుకుని దేవుడి దగ్గర ఒప్పుకుంటే, అసలు చేసినవాళ్లకి ఆ పాపం పోతుందాండీ?"

పాస్టరు గారు చీపురు ఆపారు. "ఒకరి పాపం ఇంకొకరు మొయ్యడం ఒక్కసారే జరిగిందమ్మా. ఆ మోసినాయన మన ప్రభువు. ఆయనకే ప్రాణం మీదికొచ్చింది. ఆ పని ఇంకో మనిషి నెత్తిన పెట్టకూడదని చెప్పు మీ కస్టమరుకి."

"మోసేవాడికి దానివల్ల మేలే జరుగుతోందనుకోండి. నిజం తెలిస్తే వాడు మళ్లీ చెడిపోతాడేమో."

"వాడి మేలు సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆవిడ తన సంగతి చూసుకోమను." ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, ఏమీ అడక్కుండా మళ్లీ పాచి మీదికి వంగారు. "ఆ బకెట్టు ఇలా అందుకో తల్లీ."

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పేద్దామని గొంతు సవరించుకుంది. ఆయన ప్రింటింగు ప్రెస్సులో పనిచేస్తాడు, రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఆ పూట ఆయనే నోరు విప్పాడు. "ఏడాదిగా వాడి మొహం చూస్తే నాకు ఒళ్లు మండేదే. నిన్న వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. ఎంత చిక్కిపోయాడో!" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. టైలరమ్మ ముద్ద మింగింది, దాంతోపాటు మాట కూడా.

మర్నాడు ప్రార్థన మందిరం కిక్కిరిసిపోయింది. లోలకం బాప్తిస్మమంటే చూడ్డానికి, ఎన్నడూ గుమ్మం తొక్కనివాళ్లు కూడా వచ్చారు. వాళ్లలో సగంమంది ఒకప్పుడు అతన్ని భుజాల మీద వేసుకుని ఇంటికి చేర్చినవాళ్లే. అతను మెట్లు దిగి నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. అంగీ అంగుళం కూడా లేవలేదు.

"నీ మనసులో ఉన్నది చెప్పు నాయనా" అన్నారు పాస్టరు గారు.

"నేను తాగుబోతుని. అది మీ అందరికీ తెలుసు" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతనూ కొంచెం నవ్వాడు. తర్వాత గొంతు మారిపోయింది. "మా అమ్మకి మతి లేదు. నాకు తెలివి లేదు. ఆ రోజు గడియ వెయ్యకుండా తాగి పడుకుని, మా అమ్మని నేను..."

"నువ్వు కాదు" అంది టైలరమ్మ.

ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు. ఆడవాళ్ల వరసలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. పక్కావిడ కొంగు పట్టుకుని కిందికి లాగింది. టైలరమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది.

"గడియ వెయ్యనిది నేను. బట్టలు తెచ్చాను, చేతులు ఖాళీ లేవు, తర్వాత వేద్దామనుకుని మర్చిపోయాను. నీకేం తెలియదు. నువ్వు బెంచీ మీంచి లేవనే లేదు. నాకు మొదట్నుంచీ తెలుసు. నువ్వు మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. నిన్న నువ్వు క్షమించమంటే..." అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. మాటల్లో ఎవరికీ ఓడని మనిషి ఒక్క మాట కోసం నిండు సంఘంలో వెతుక్కుంది. చివరకు, "క్షమించానన్నాను" అంది.

లోలకం ఆవిడ వైపే చూస్తున్నాడు. అతని మొహంలో ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత దవడ బిగుసుకుంది. పాస్టరు గారు అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయారు. అతను పక్కకు జరిగాడు.

"అయ్యగారూ, నేను ఇవాళ మునగలేను" అన్నాడు. "క్షమించమని అడగడానికి వచ్చాను. క్షమించడానికి రాలేదు."

నీళ్లోడుతూ మెట్లెక్కాడు. సీసపు గుళ్లు మెట్టు మెట్టుకీ టక్ టక్ మని కొట్టుకుంటుంటే నడవ మధ్యనుంచి వెళ్లిపోయాడు.

టైలరమ్మ నిలబడిన చోటే నిలబడి ఉంది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఎవరో ఎప్పుడో చెప్పారు. వాళ్లెవరో గానీ అబద్ధాలకోరులు. ఇప్పుడు ఆవిడ నెత్తిన రెండు బరువులు పడ్డాయి. అత్తగారు ఒకటి. నీళ్ల దాకా వచ్చి, రక్షణ అంచుదాకా వచ్చి, తన మాటతో వెనక్కి తిరిగిపోయిన మనిషి రెండోది. అతను ఇప్పుడు వెళ్లి తాగితే, తాగి ఏ లారీ కిందో పడితే, ఆ ఆత్మకు జవాబు ఎవరు చెప్పాలి?

భర్త మగవాళ్ల వరసలోంచి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. తిడతాడనుకుంది. కొడతాడేమోనని కూడా అనుకుంది. "సొంత తమ్ముణ్ణి ఏడాది పాటు గుమ్మం ఎక్కనివ్వలేదే నేను" అన్నాడు. తలుపు వైపు చెయ్యి చూపించి, "నన్నేం అడక్కు ఇప్పుడు. ముందు వాడి వెనకాల పో" అన్నాడు.

ఆవిడ చెప్పులు కూడా వెతుక్కోకుండా వెళ్లింది. మూలమీద సారా దుకాణం దాకా వీధి పొడవునా తడి అడుగులు కనిపించాయి. దుకాణంవాడు గల్లాపెట్టె వెనక నవ్వుతున్నాడు. "ఇప్పుడే వచ్చి పోయాడమ్మా, దేవదూతలాగా. జేబు తడుముకున్నాడు. ఆ అంగీకి జేబు ఏదీ? రేపిద్దువుగాని పట్టుకుపో అన్నాను. ఎందుకో కాసేపు సీసా వైపు చూసి వెళ్లిపోయాడు."

టైర్ల షాపు షట్టరు దించి ఉంది. లోలకం దాని ముందు ఒక పాత లారీ టైరు మీద కూర్చుని ఉన్నాడు. అంగీ కింద నేల తడిసి మడుగు కట్టింది. టైలరమ్మ కాస్త దూరంలోనే ఆగిపోయింది.

"తాగావా?"

"లేదు." ఆవిడ వైపు చూడలేదు. "తాగుదామనే వెళ్లాను. ఎందుకు మానేశానో ఆ కారణం నువ్వు తీసేశావు కదా. మరి ఇంకెందుకు తాగకూడదు అనుకుంటూ వెళ్లాను. అక్కడికెళ్లి నిలబడితే తాగాలనిపించలేదు. కారణం పోయినా మానడం మిగిలింది. అదేం చిత్రమో."

ఆవిడ రోడ్డు మీదే చతికిలబడింది. పోయేవాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

"అమ్మ మొహం గుర్తు తెచ్చుకోవడానికి కూడా భయపడ్డాను వదినా, ఇన్నాళ్లూ" అన్నాడు. "కల్లోకొస్తే లేచి కూర్చునేవాణ్ణి. అన్నయ్య ఎదురొస్తే సందులోకి తప్పుకునేవాణ్ణి. నువ్వు రోజూ చూశావు."

"చూశాను."

"గడియ మర్చిపోవడం పెద్ద విషయం కాదు. వానలో బట్టలు తెచ్చుకునేటప్పుడు ఎవరైనా మర్చిపోతారు. దానికి ఇప్పుడే క్షమించేస్తాను, తీసుకుపో. నువ్వు ఊరుకున్నావు చూడు, అది కూడా ఎలాగో అరిగించుకుంటాను. మన ఇంట్లో పిరికితనం కొత్తేం కాదు. నేను తాగిందీ అందుకే." అప్పుడు ఆవిడ వైపు తిరిగాడు. "నిన్న 'క్షమించాన్లే' అన్నావు. రాత్రి నేను ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా? ఏడాదిలో మొదటిసారి. దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు. దాన్ని ఎలా క్షమించాలో చెప్పు."

టైలరమ్మ ఏడుస్తూ ఉంది. ఇంతకాలం ఏడుపులో కూడా ఒక మూల తనను తాను వెనకేసుకొచ్చే గొంతు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. "క్షమించు" అని మాత్రం అంది. అది అనడానికి ఇంత సిగ్గుగా ఉంటుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. నిన్న వీడు నా గుమ్మంలో ఇంత సిగ్గుపడ్డాడా అనుకుంది.

అతను అంగీ అంచు పిండుకున్నాడు. ఎండ పడి వెన్ను మీద గుడ్డ కొద్దిగా ఆరింది.

"ఇవాళ కాదు వదినా" అన్నాడు చివరికి. "నోటితో అనేస్తే అయిపోతుంది. నువ్వు నిన్న అన్నావుగా, అలాగ. నేను అలా అనలేను. దేవుడంటే అడగ్గానే క్షమించేస్తాడు, ఆయనకది అలవాటైన పని. నాకు కొత్త. రేపు వచ్చి మళ్లీ అడుగు."

"రేపూ కాదంటే?"

"ఎల్లుండి రా. నాకు నిజంగా అనిపించిన రోజు చెబుతాను. ఆ రోజే మునుగుతాను."

మర్నాడు పొద్దున షాపు తెరిచే వేళకు టైలరమ్మ వెళ్లింది. లోలకం లారీ ట్యూబు పట్టుకుని నీళ్ల తొట్టి మీద వంగి ఉన్నాడు, చుట్టూ నలుగురు బేరాలవాళ్లున్నారు. వాళ్లందరూ వింటుండగా ఆవిడ అడిగింది. అతను తలెత్తి, ఆవిడ మొహం చూసి, కాదన్నట్టు తలూపాడు. ఆవిడ సరేనని ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది.